దంతాలు లేని పెద్దావిడ

ముందే చెప్పేస్తాను, ఆ ఫోటో తీసింది నేను. ఆ రోజుల్లో మా జగ్గయ్యపేట బజార్లో సగం మంది "మీ నాన్న భలే తీశాడే ఏనుగుల్ని" అనేవాళ్లు. తక్కిన సగం "మీ బావ తీసి పంపాడంటగా" అనేవాళ్లు. మా నాన్న జన్మలో అడవి ఏనుగును చూడలేదు. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు ఎవరో సాధువులు తోలుకొచ్చిన ఏనుగుకు అరటిపండు ఇవ్వబోయి, అది తొండం చాచగానే పండు కింద పడేసి మా వెనకాల దాక్కున్న మనిషి ఆయన. ఇక మా బావకు కెమెరాకు ముందేదో వెనకేదో తెలియదు. నేను తీశానంటే మాత్రం "నువ్వా?" అని ఒక నవ్వు. ఆ నవ్వు చూసి చూసి నాకు ఒళ్లు మండిపోయేది. ఈ వయసులోనూ తలుచుకుంటే మండుతుంది. చల్లారాలని నాకేమీ లేదు.

బస్సులు ఆగే చోటికి దగ్గర్లో నాన్నకు ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో అద్దాల బీరువా, వెనక గదిలో కొండలూ చందమామా వేసిన పెద్ద తెర, ఆ వెనక ఫోటోలు కడిగే చీకటి గది. నాన్నకు కొడుకులు లేరు, అక్కా నేనే. అక్కకు పెళ్లయి వెళ్లిపోయింది. నేను స్కూలు ఫైనలు అయ్యాక చీకటి గదిలో చేరాను. సంబంధాలు వచ్చేవి. పిల్ల గోళ్లకు ఆ మందుల మరకలేమిటని అడిగి వెళ్లిపోయేవి. అమ్మ కుంకుడురసంతో తోమి తోమి విసిగిపోయింది. నేను మాత్రం ఆ మరకలు దాచుకోలేదు.

నాకు మొదట పట్టుబడిన విద్య టచింగు. నెగటివును వాలుబల్ల మీద పెట్టి, కిందినుంచి వెలుతురు పడేట్టు చూసుకుని, సూదిలా చెక్కిన పెన్సిలుతో మొహాలు దిద్దడం. మశూచి మచ్చలు మాపేవాళ్లం. మెల్లకన్ను సరిచేసేవాళ్లం. మెడలో గొలుసు లేని పెళ్లికూతురికి ప్రింటు మీద రంగుతో గొలుసు వేసేవాళ్లం. చనిపోయిన తాతను పాత ఫోటోలోంచి కత్తిరించి, మనవడి పెళ్లి గ్రూపులో నడిమి కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లం. మా వైపు దీన్ని ఎవరూ అబద్ధమనుకోరు. ఫోటో అంటే మనిషి ఉన్నట్టు కాదు, ఉండాల్సినట్టు. ఆ పనిలో నాన్న మొనగాడు. కష్టమైనవి వస్తే బెజవాడ స్టూడియోల వాళ్లు కూడా ఆయనకే పంపేవాళ్లు.

మోతుబరుల ఇళ్లలో ఆడవాళ్లు పరాయి మగవాడి ఎదుట కూర్చుని ఫోటో తీయించుకోరు. అందుకని వాళ్ల ఇళ్లకు కెమెరా పట్టుకుని నేను వెళ్లడం మొదలైంది. వీరులపాడనీ నందిగామనీ ఎక్కడ పిలిస్తే అక్కడికి బస్సెక్కేదాన్ని. తీసేది నేను, వెనక ముద్ర స్టూడియోది, పేరు నాన్నది. అప్పటికి నాకు అది పెద్దగా పట్టలేదు.

యాభైలు చివరికొస్తున్న రోజుల్లో అక్కకు మూడో కాన్పు. బావ నీలగిరి కొండల కింద, మైసూరు సరిహద్దు అడవిలో, కరెంటు పవర్ హౌసు పనుల మీద ఓవర్సీరు. అక్కకు పుట్టింటికి రావడానికి వీలుపడలేదు. అమ్మకు ఆయాసం. సాయానికి నేను బయల్దేరాను. నాన్న తన మడత కెమెరా, దానికి కాసిని ఫిల్ము రోళ్లు ఇచ్చి, "బిడ్డ పుట్టగానే మంచి ఫోటో తీసి పంపించవే" అన్నాడు. బిడ్డ ఫోటో ఒకటి పంపాను. మిగతా రోళ్లు ఏమయ్యాయో ఆయనకు తర్వాత తెలిసింది.

బావ క్వార్టర్సు ఏటి పక్కన గుట్ట మీద. పొద్దు వాలే వేళకు అవతలి గట్టుకు ఏనుగులు నీళ్లకు వచ్చేవి. అక్క బాలింత, గది దాటి రాకూడదు. కిటికీలోంచి చూద్దామంటే చెట్లు అడ్డం. "ఏమే, వచ్చాయా? పిల్లలున్నాయా? చెప్పి చావవే!" అని లోపలినుంచి ఒకటే గోల. అట్లా అక్కకు చెప్పడం కోసం నేను అరుగు మీద కూర్చుని చూడటం మొదలుపెట్టాను.

మొదట్లో నాకు అన్నీ ఒకటే ఏనుగు. గడ్డివాములకు కాళ్లొచ్చి నడుస్తున్నట్టుండేది. రోజూ చూడగా చూడగా ఒక్కొక్కటీ విడివిడిగా తెలిసొచ్చింది. ఒకదానికి తోక సగమే ఉంది. ఒకదానికి నడకలో కుంటి. అన్నిటికంటే ముందు వచ్చేదానికి కుడిచెవి అంచు చినిగి వేలాడుతుంటుంది. అది చెట్ల చివరిదాకా వచ్చి ఆగేది. తొండం పైకెత్తి గాలి పట్టేది. దాని వెనక పాతికదాకా ఉన్నా, అది అడుగు వేసేదాకా ఒక్కటి కదిలేది కాదు. అది కదిలితే అన్నీ కదిలేవి. అది వెనక్కి తిరిగితే, ఎంత దాహంతో ఉన్నా సరే, అన్నీ వెనక్కి. దానికి దంతాలు లేవు. అది ఆడది.

అక్కకు ఇది చెబితే పక్కలోంచి లేచి కూర్చుంది. "ఆడదా ముందు నడిచేది? మరి మొగోళ్లేరీ?"

"లేరే. ఎదిగిన మగవి ఆ మందలో లేనే లేవు."

"ఊరి బయట పెట్టారా మగాళ్లని? బాగుందే ఆ ఊరు, మనమూ పోదాం పద" అని పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి చెవి చినిగినదాన్ని మేమిద్దరం పెద్దావిడ అనే పిలిచేవాళ్లం.

పెద్దావిడ ఇల్లు నడిపే పద్ధతి నాకు తెగ నచ్చింది. పిల్లలు ఎప్పుడూ మధ్యలో. ఒక పిల్ల అరిస్తే తల్లి వచ్చేదాకా ఎవరూ ఆగరు, ఎవరు దగ్గరుంటే వాళ్లు పరుగు. కుంటిది వెనకపడితే మంద మొత్తం ఆగి నిలబడేది. మీసాలు మొలిచే వయసు కుర్రాడి లాంటిది ఒక మగపిల్ల ఉండేది. చిన్నవాటిని నీళ్లలోకి తోస్తూ, ఆడవాటిని పొడుస్తూ ఒకటే ఆగడం. ఒకరోజు పెద్దావిడ దాన్ని నుదుటితో ఒక్క తోపు తోసింది. గట్టు మీద పడి లేచి, ఏమీ జరగనట్టు దూరంగా నిలబడింది. తర్వాత రోజుల్లో అది మంద వెనక, బాగా ఎడంగా నడవడం చూశాను. ఇక పెద్ద దంతాల మగ ఏనుగొకటి అప్పుడప్పుడూ ఒంటరిగా వచ్చేది. చూడటానికి ఎంత దర్జా అంటే, రథానికి కట్టొచ్చు. దిగువన నీళ్లు తాగి, దాని దారిన అది పోయేది. మందలో ఒక్కటీ దానికి ఎదురెళ్లి మర్యాద చేసింది లేదు.

ఇది ఫోటో తీయకపోతే మా ఊళ్లో ఎవరూ నమ్మరని నాకు తెలుసు. తీసినా నమ్మరని అప్పుడు తెలియదు.

అరుగు మీదనుంచి తీసిన మొదటి రోలు కడిగించి చూస్తే ఏనుగులన్నీ చీమలంత ఉన్నాయి. దగ్గరికి పోవాలి. ఏట్లో నీళ్లు తగ్గి మధ్యన బండలు బయటపడ్డాయి. ఆ బండల వెనక కూర్చుంటానన్నాను. బావ గయ్యిమన్నాడు. "ఆడపిల్లవి, నీకేమన్నా అయితే మీ నాన్నకి నేనేం చెప్పేది?"

"ఏనుగు తొక్కిందని చెప్పండి బావా. అబద్ధమేం కాదుగా" అన్నాను.

ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అక్క మాత్రం, "గాలి మన మీదికి వస్తుంటేనే కూర్చో, నీ వాసన వాటికి పోకూడదు" అంది. కిటికీ దాటకుండానే అక్కకు అన్నీ తెలుసు. మా వైపు కళ్లాల్లో తూర్పారపట్టేవాళ్లు గాలి చూసినట్టు గుప్పెడు దుమ్ము వదిలి చూసుకుని, గాలి ఎదురైన రోజే బండల దగ్గరికి పోయేదాన్ని.

ఒక సాయంత్రం పెద్దావిడ పిల్ల గట్టు దిగుతూ బురదలోకి జారింది. ఆ వయసులోనూ ఆవిడకు పాలు తాగే పిల్ల ఉంది. పిల్ల కీచుమని అరిచింది. పెద్దావిడ ముందుకాళ్ల మీద మోకరిల్లి నుదుటితో వెనకనుంచి తోసింది. సగం తోకది తొండం చుట్టి ముందునుంచి లాగింది. మిగతావి చుట్టూ మూగి, కడుపులో ఉరిమినట్టు ఒక శబ్దం చేశాయి. నేను కెమెరా కంటి దగ్గర పెట్టుకుని మీట నొక్కడం మరిచిపోయాను. పిల్ల గట్టెక్కింది. వణుకుతోంది. పెద్దావిడ ఒళ్లంతా బురదతో పైకి వచ్చి నిలబడింది. పిల్ల తల్లి ముందుకాళ్ల మధ్య దూరి పాలు అందుకుంది. ఏనుగుకు పొదుగు అక్కడే, మనుషులకు ఉన్నట్టే, ముందువైపు. పెద్దావిడ తొండం దాని వీపు మీద వేసి తలెత్తింది. వెనక ఆడవన్నీ వరసగా నిలబడ్డాయి. బాగా దూరంగా, ఎడమ మూలన, దంతాల ఏనుగు వీపు ఇటు పెట్టి ఆకులు మేస్తోంది.

అప్పుడు నొక్కాను.

టక్కుమన్న చప్పుడుకు పెద్దావిడ నా వైపు తిరిగింది. పారిపోలేదంటే అది నా ధైర్యం కాదు, కాళ్లు రాలేదు. ఆవిడ మీదికి రాలేదు. పిల్లకూ నాకూ మధ్యకు వచ్చి నిలబడింది. మిగతావి వచ్చి పిల్లను కనపడకుండా కమ్మేశాయి. అట్లా కొంతసేపు చూసి, పనిలేనిదాన్ని చూసినట్టు చూసి, తిరిగి వెళ్లిపోయింది. నేను బండ మీద కూర్చుని ఏడ్చాను. భయం కొంత, సంతోషం ఎక్కువ.

జగ్గయ్యపేట వచ్చాక ఆ రోలు నేనే కడిగాను. నాన్న తడి నెగటివును దీపానికి ఎదురుగా పట్టి చాలాసేపు చూశాడు. "షార్పుగా ఉంది" అన్నాడు. మా నాన్న నోట ఆ మాట వస్తే మెడలో పూలదండ పడ్డట్టే. పెద్దది చేసి ముందు గదిలో అద్దాల బీరువాలో పెట్టాడు.

ఇక చూడండి జనం. బస్సు దిగినవాడల్లా వచ్చి, "దంతాలేవీ?" ఒకాయన, ముసలిదై పళ్లూడినట్టు ఊడిపోయి ఉంటాయన్నాడు. ఇంకొకాయన, ఫోటో కడగడంలో పోయాయన్నాడు. పక్క కొట్టు ఆయన మాత్రం నాకు పాఠమే చెప్పాడు. "అమ్మాయ్, మందకి ముందు నడిచేది గజరాజు. పురాణాల్లో లేదూ?"

"పురాణం రాసినాయన ఏటి ఒడ్డున కూర్చున్నాడో లేదో నాకు తెలీదు బాబాయ్. నేను కూర్చున్నా" అన్నాను. ఆయన నాన్నతో చెప్పి తిట్టించాడు.

అట్లా ఉండగా నందిగామ స్కూలు కమిటీ ప్రెసిడెంటుగారు జీపులో వచ్చి దిగాడు. బియ్యం మిల్లు ఉన్న పెద్ద రైతు. స్కూలుకు కొత్త హాలు కట్టించారు. ఏటా ఆ స్కూల్లో తరగతి తరగతికీ గ్రూపు ఫోటో మేమే తీసేవాళ్లం. ఆయన మాట మీద పెళ్లిళ్లూ వచ్చేవి. సూటిగా చెప్పాలంటే మా స్టూడియో ఆయన నీడన బతికేది.

ఆయన బొమ్మను మెచ్చుకున్నాడు. ఎంత పెద్దదైతే అంత పెద్దది చేసి హాల్లో స్టేజీ వెనక పెట్టాలన్నాడు. నా మొహం వెలిగిపోయింది. అప్పుడన్నాడు, "దీనికి దంతాలు పెట్టించవయ్యా."

"అట్టాగేనండి, ఎంత పని" అన్నాడు నాన్న.

"అది ఆడేనుగండి" అన్నాను నేను. "దానికి దంతాలుండవు. ఆ మందకి అదే పెద్ద."

ఆయన నవ్వాడు. "ఆడదా పెద్ద? మగదిక్కు లేదా ఆ మందకి?"

"ఉందండి. అదుగో, ఆ మూల. దాని మానాన అది మేస్తోంది."

ఆయన వంగి చూశాడు. ఆ వీపు ఆయనకు నచ్చలేదు. "పోనీ దాన్నే తెచ్చి ముందు పెట్టు. మా నాన్న పోయిన పదేళ్లకి మా గ్రూపులో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది మీరే గదయ్యా. దానికి లేని అభ్యంతరం దీనికేంటి?"

ఆయన అడిగింది తప్పని నేను ఇప్పటికీ అనను. మా పని చూసినవాడు అట్లాగే అడుగుతాడు. కానీ నాకు కోపం ఆగలేదు. "ఆ మొహం మీ నాన్నగారిదండి, మీ ఇష్టం. గొలుసు వేయమన్నామె మెడ ఆమెది. ఈ ఏనుగు నన్ను దంతాలు పెట్టమని అడగలేదు."

"గోడ నాదమ్మాయ్" అన్నాడాయన.

"గోడ మీదేనండి. ఏనుగు మీది కాదు."

నాన్న నా చెయ్యి పట్టుకుని గిల్లాడు. ప్రెసిడెంటుగారు నన్ను వదిలేసి నాన్నతోనే చెప్పాడు. "కింద స్టూడియో పేరూ నీ పేరూ వెయ్యి. ఆడపిల్ల పేరెందుకు, బజార్న పడటానికి?" జీపెక్కి వెళ్లిపోయాడు.

ఆ మాటతో నాకు తేలిపోయింది. ఆ బొమ్మ ఉన్నది ఉన్నట్టు గోడెక్కాలి. కింద నా పేరుండాలి. ఈ రెంటిలో ఏది పోయినా నేను నా ఒళ్లు అమ్ముకున్నట్టే అనిపించింది. నాన్నతో అదే అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు.

"నాలుగు వేళ్లు నోట్లోకి పోవాలే. ఆయన కాదంటే నందిగామలో మనల్ని పిలిచేవాడుండడు. రెండు గీతలే పిచ్చిదానా, రెండు గీతలు. ఎన్ని వేల గీతలు గీసుంటాం మనం?"

"ఇంకో రెండు గీసేది లేదు నాన్నా. గీయాలంటే నేను స్టూడియోలో ఉండను."

"ఎక్కడికి పోతావే?"

"ఏనుగుల దగ్గరికి" అన్నాను. నిజంగానే పోయేదాన్నేమో.

ఆయన, "సరే, నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నందుకు నాకు అనుమానం రావలసింది. రాలేదు. పెద్ద కాగితం తెప్పించి ప్రింటు చేశాను. బురద చారలు, పెద్దావిడ చెవి చినుగు, పిల్ల మూతి, అన్నీ కనపడేట్టు. అట్ట మీద అతికించి ఆరబెట్టి, పెనుగంచిప్రోల్లో పెళ్లి ఫోటోలకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి నాన్న దాన్ని నందిగామ చేర్చేశాడు.

హాలు ప్రారంభం రోజున ఆయన పొద్దుటినుంచీ ఒకటే నస. "నువ్వు రాకపోతే ఏం? అమ్మకి ఒంట్లో బాగాలేదుగా." అమ్మ శుభ్రంగా పప్పు రుబ్బుకుంటోంది. నేను కొత్త చీర కట్టుకుని బస్సెక్కి ఆయన పక్కనే కూర్చున్నాను. నందిగామ దాకా ఆయన కిటికీలోంచి పొలాలే చూశాడు, నా వైపు తిరగలేదు.

హాలు నిండా జనం. కుర్చీల్లో మగవాళ్లు, కుడిపక్క చాపల మీద ఆడవాళ్లు, ముందు పిల్లలు. మొదటి చాప మీద ప్రెసిడెంటుగారి తల్లి. భర్త పోయాక ఎద్దుల బేరం నుంచి మిరపతోట కౌలుదాకా ఆమె నోటిమాట మీదే నడిచిందని ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. కొడుకు చెప్పిన గ్రూపు ఫోటో నేను చూశాను. అందులో నడిమి కుర్చీలో చనిపోయిన ఆయన, ఓ చివర నిలబడి ఆమె.

బొమ్మకు కట్టాల్సిన అద్దం దారిలో పగిలిందట, ఉత్త చట్రంలోనే పెట్టారు. ప్రారంభం చేయడానికి వచ్చిన పెద్దమనిషి తెర లాగాడు.

పెద్దావిడకు దంతాలున్నాయి. తెల్లగా, పొడుగ్గా, చివర కొంచెం వంపు తిరిగి, ఎంత చక్కగా వేశాడో! ఆ వంపు చూడగానే ఎవరి చెయ్యో తెలిసింది. నాన్న వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. పెళ్లిచూపులవాళ్లు నా గోళ్లు చూసి పోయినప్పుడు పడని బాధ, బజారంతా నవ్వినప్పుడు రాని కోపం, మా నాన్న మీద వచ్చింది.

చప్పట్లు కొట్టారు. అవి ఆగాక చాపల మీదనుంచి ఒక గొంతు లేచింది. ప్రెసిడెంటుగారి తల్లి.

"ఒరేయ్ అబ్బాయ్, దాని కింద పిల్ల పాలు తాగుతోందిరా. దంతాలున్న ఏనుగు పాలెట్టా ఇస్తదిరా?"

ఆడవాళ్లు ఒక్కసారి గొల్లుమన్నారు. పిల్లలు అందుకున్నారు. కుర్చీల్లో కూడా నవ్వు. నాన్నకు ప్రతి మొహం దిద్దడం తెలుసు కానీ, ఏనుగుకు పొదుగు ఎక్కడుంటుందో తెలియదు. ఆయన దంతాలను సరిగ్గా పిల్ల మూతి పక్కనుంచి దించాడు.

ప్రెసిడెంటుగారిది తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. "పాలు కాదమ్మా, ఆడుకుంటోంది" అన్నాడు.

"ఐదుగురిని కని పెంచా. నాకు చెప్తావంట్రా?"

మళ్లీ నవ్వులు. ఆ నవ్వులు ఆయన మీద కాదు. అందరి చూపూ బొమ్మ మీద. మూతికి రంగేసిన పగటివేషగాణ్ణి చూసినట్టు పెద్దావిడను చూసి నవ్వుతున్నారు. బురదలో మోకరిల్లి పిల్లను తోసిన మనిషి. మనిషనే అంటాను. నన్ను చంపగలిగి కూడా చంపకుండా పోయిన ఆవిడను చూసి నవ్వడం నేను భరించలేకపోయాను.

లేచి స్టేజీ ఎక్కాను. ఎవరో "ఎవరమ్మా, ఎవరమ్మా" అంటున్నారు. బల్ల మీద పెద్దమనిషి కోసం పెట్టిన మంచినీళ్ల గ్లాసులో కొత్త చీర కొంగు ముంచాను. ప్రింటు పాడైపోతే పోనీ, దంతాలతో మాత్రం ఉండకూడదు. ఒక దంతం మీద కొంగు పెట్టి లాగాను. వెంటనే వచ్చేసింది. పాలలా కారిపోయింది. రెండోదీ అంతే. కింద ప్రింటు చెక్కుచెదరలేదు.

అప్పుడు నా చెయ్యి ఆగింది. ప్రింటు మీద వేసే రంగులో జిగురు కలుపుతారు, కలిపితే తడికి ఊడి రాదు. ఏ పెళ్లికూతురి గొలుసైనా చెమటకు కరగకుండా నాన్న తప్పకుండా కలిపేవాడు. మరిచిపోయే మనిషి కాదు. వెనక్కి తిరిగి చూశాను. ఆయన ఇప్పుడు నేల చూడటం లేదు, నా చేతుల్నే చూస్తున్నాడు. మరిచిపోయాడా, కావాలనే కలపలేదా అని నేను అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

"దిగు ముందు!" అని ప్రెసిడెంటుగారు అరిచాడు.

"ఉండనియ్యరా" అంది ఆయన తల్లి. "ఇప్పుడు బాగుంది. తల్లి తల్లి మాదిరుంది. దాన్నట్టాగే ఉంచండి."

నలుగురిలో తల్లి మాట కాదనలేక ఆయన పళ్లు బిగించాడు. "సరే ఉంటుంది. అయిపోయిందిగా, ఇక దిగమ్మా."

"అవలేదండి" అన్నాను. "నా పేరు రాయాలి."

"స్టూడియో పేరుంది గదా!"

"స్టూడియో ఏటి ఒడ్డుకి రాలేదండి. నేనెళ్లా."

దీనికి మేం చెల్లించుకున్నది కూడా చెప్పేస్తాను. ఆ ఏడాదినుంచి స్కూలు గ్రూపు ఫోటోలు బెజవాడవాళ్లకు పోయాయి. కొన్ని పెళ్లిళ్లు పోయాయి. నాకు వచ్చిన ఒక సంబంధం కూడా, "స్టేజీ ఎక్కిన పిల్లటగా" అని దారిలోంచే తిరిగిపోయింది. పోనీ. అట్లా తిరిగిపోయేవాడు ఇంటిదాకా వచ్చి ఏం ఉద్ధరిస్తాడు? నేను ఒక్కరోజు కూడా చింతించలేదు. మళ్లీ అదే హాలు, అదే కొంగు దొరికితే మళ్లీ అదే చేస్తాను.

పక్కన నిలబడ్డ హెడ్మాస్టరుగారి జేబులో పెన్సిలు కనపడింది. అడగకుండానే తీసుకున్నాను. బొమ్మ కింద తెల్ల అట్ట మీద స్టూడియో ముద్ర ఒక మూలన ఉంది. రెండో మూలన నా పేరు మొదటి అక్షరం రాశాను. హాలంతా గోలగా ఉంది. ఎవరో స్టేజీ మెట్లెక్కి నా వెనక్కి వచ్చారు. చెయ్యి పట్టి లాగేస్తారనుకుని గట్టిగా పెన్సిలు బిగించాను.

నాన్న. ఊపిరి ఎగదీస్తున్నాడు. నేను రాసిన అక్షరం వంక చూశాడు.

"పెన్సిలెందుకే, చెరిపేస్తారు" అన్నాడు మెల్లగా. "డ్రాయింగు మాస్టారి దగ్గర నల్ల ఇంకు ఉంటది. అది తెమ్మని చెప్పా."

ఇంకు వచ్చింది. నా పేరు మొత్తం రాశాను, ఇంటిపేరుతో సహా. అది ఆరేదాకా నాన్న ఆ చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని, అందరి ఎదుటా, అక్కడే నిలబడ్డాడు.